రంగం వీలునామాకు రెండో సాక్షి

రండ్రా, దగ్గరికి రండి. అరుగు చివర కూర్చుంటే జల్లు కొడుతుంది, ఇలా గోడ వైపు జరగండి. పద్మకుమారీ, చిన్నవాణ్ణి ఒళ్ళో పెట్టుకో, మధ్యలో లేచి ఏడిస్తే కథ ఆగిపోతుంది. ఒరే లక్ష్ముడూ, నువ్వా స్తంభానికి చేరబడి నిద్రపోయావంటే రేపు పదమూడో ఎక్కం నీదే.

పొద్దున్న బడిలో చినబాబు అడిగాడు. "మాస్టారూ, మా తాత విల్లు రాయించినాడంట. విల్లంటే ఏటండీ, రాముడిదేనా?" అని. మీరంతా నవ్వారు. నేను నవ్వలేదు. అడిగిన మాట మంచిదే.

వీలునామా అంటే ఇది. నేను పోయాక నా పొలం, నా ఇల్లు, నా గొడ్డూ గోదా ఎవరికి చెందాలో బతికుండగా రాసిపెట్టుకునే కాయితం. ఊళ్ళో జనం విల్లంటారు. రాసినవాడు బతికున్నంత కాలం అది ఉత్త కాయితమే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపేసుకోవచ్చు. వాడు పోయాకనే అది పని మొదలుపెడుతుంది.

చినబాబుకి విల్లు గురించి కావాలి. మిగతావాళ్ళకి దెయ్యం కథ కావాలి. రెండింటికీ కలిపి నా దగ్గర ఒకటే ఉంది.

ఈ ఊరికి బదిలీ కాకముందు నేను పొందూరు అవతల, నాగావళి ఒడ్డున, సింగన్నవలస అనే పల్లెలో పనిచేశాను. అరవై మూడులో అక్కడ చేరాను, నేను చెప్పేది అరవై ఏడు నాటి మాట. ఆ ఊళ్ళో గడప గడపకీ ఒకరు రంగం వెళ్ళినవాళ్ళే. రంగూన్ని మన వైపు రంగం అంటారు, మీ తాతల్నడగండి. ఓడెక్కి వెళ్ళి, బియ్యం మిల్లుల్లోనో కర్రల మిల్లుల్లోనో పనిచేసి, ఇక్కడ పొలాలు కొనుక్కునేవారు. ఉత్తరాలు వస్తే చదవడానికీ, జవాబు రాయడానికీ జనం బడికే వచ్చేవారు.

అలా వచ్చేవాళ్ళలో చిన్నతల్లి ఒకతె. తల్లి లేదు. తండ్రి గణపతిరావు రంగంలో కర్రల మిల్లులో మేస్త్రీ. చిన్నాన్న జగన్నాధం ఇంట్లో ఉండేది. మాట కత్తి.

"మా అయ్యకి రాయండి మాస్టారూ," అనేది గుమ్మంలో నిలబడే. "పొగాకు తగ్గించమనండి. తగ్గించకపోతే నానే ఓడెక్కి వస్తానని రాయండి."

"ఓడ టికెట్టు ఎవరు కొంటారే?"

"ఆడే కొంటాడు. నాను వస్తానంటే భయపడి ఆడే వచ్చీస్తాడు, టికెట్టు మిగులుతాది."

తరువాత తరువాత గణపతిరావు ఉత్తరాల్లో ఒకటే బెంగ. అక్కడి ప్రభుత్వం మిల్లులన్నీ తీసేసుకుంది. మనవాళ్ళంతా మూటలు కట్టుకుని ఓడల్లో విశాఖపట్నం వచ్చేస్తున్నారు. 'రేపు నాకేమైనా అయితే ఇక్కడున్న కాస్త వస్తువా, అక్కడున్న పొలమా, అంతా నా కూతురికే చెందాలి. విల్లు ఇక్కడ రాయనా, అక్కడికొచ్చి రాయనా? ఇక్కడ రాసింది అక్కడ చెల్లుతాదా? మాస్టారూ, కాస్త కనుక్కోండి' అని.

నేను శ్రీకాకుళం వెళ్ళి ఒక ముసలి ప్లీడరు గారిని అడిగాను. ఆయన వక్కపొడి నములుతూ ఓపిగ్గా చెప్పాడు. అక్కడి వస్తువుకి అక్కడొక కాయితం, ఇక్కడి పొలానికి ఇక్కడొక కాయితం రాసుకోమను. రెండోది మొదటిదాన్ని కొట్టేసేలా మాత్రం రాయకూడదు. ఇద్దరు సాక్షులుండాలి. ఆస్తి అందుకునేవాడు సాక్షి సంతకం పెట్టకూడదు. రాసినాయన సంతకం పెడుతుంటే సాక్షులు చూడాలి, సాక్షులు పెడుతుంటే రాసినాయన చూడాలి.

"పరదేశంలో సాక్షుల్ని పెట్టుకుంటే, రేపు మన కోర్టులో నిలబడ్డానికి ఎవరొస్తారయ్యా? పొలం సంగతి ఇక్కడికే వచ్చి రాసుకోమను," అన్నాడు.

అదే రాశాను. 'వచ్చే ఓడకి బయల్దేరతాను' అని జవాబొచ్చింది. ఆ తరువాత ఉత్తరం లేదు. ఓడలొచ్చాయి, వెళ్ళాయి. చిన్నతల్లి ప్రతి ఓడకీ విశాఖపట్నం రేవుకి వెళ్ళి నిలబడేది. ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు... మనిషీ లేడు, కబురూ లేదు.

అప్పుడు జగన్నాధం అన్నాడు, "అన్న పోయినాడు. కర్మ సెయ్యాల" అని.

దేశంకాని దేశంలో పోయి శవం దొరక్కపోతే ఏం చేస్తారో తెలుసా మీకు? బొమ్మ చేస్తారు. మోదుగాకుల కాడలు ఎముకలు. దర్భ తాళ్ళు నరాలు. తలకి ఒక కొబ్బరికాయ. దానికి పోయినవాడి పేరూ, గోత్రమూ, తండ్రి తాతల పేర్లూ చెప్పి, పాడె మీద పెట్టి, మనిషిని దహనం చేసినట్టే చేస్తారు. ఆ ఊరి పురోహితులు కూర్మనాథం గారు ఒప్పుకోలేదు. కబురు లేనివాడి కోసం పన్నెండేళ్ళు ఆగాలన్నారు.

"పన్నెండేళ్ళా? అప్పటికి నాకే సెయ్యాల్సొస్తాది బాబూ," అన్నాడు జగన్నాధం. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే ఆయన్ని ఒప్పించాడు. అన్న చనిపోయినట్టు ఊరు నమ్మాలి, ఆ తరువాత పొలం తన పేర మార్పించుకునే దారేదో వెతుక్కోవాలి. అదీ అతని లెక్క.

ఆ రోజు చిన్నతల్లి మైల స్నానం చెయ్యనంది. "మా అయ్య బతికే ఉన్నాడు. మీరు కాల్సేది కొబ్బరికాయని," అని తలుపేసుకుంది.

నేను పాడె వెంట వెళ్ళాను. మీరూ చూసే ఉంటారు, శ్మశానానికి వెళ్ళే దారిలో సగంలో పాడె దింపుతారు. దింపుడు కళ్ళం అంటారు. అక్కడ సొంతమనిషి వంగి, పోయినవాడి చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుస్తాడు. ప్రాణం ఇంకా దగ్గర్లో తచ్చాడుతుంటే అయినవాళ్ళ గొంతు విని వెనక్కి వస్తుందేమోనని ఆశ. జగన్నాధం వంగాడు. "అన్నా గణపతీ" అని ముమ్మారూ పిలిచాడు. పిలిచాక లేవలేదు. కొబ్బరికాయకి చెవి ఉండే చోట నోరు పెట్టి ఇంకా ఏదో చెబుతున్నాడు. పెదవులు కదలడం చూశాను, మాట వినబడలేదు.

నది ఒడ్డున నిప్పు పెట్టారు. పెట్టిన కాసేపటికే ఆషాఢం వాన దబాయించి కురిసింది. చితి సగంలో ఆరిపోయింది. అందరూ తలల మీద గుడ్డలు కప్పుకుని ఊళ్ళోకి పరుగెత్తారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ నిప్పు పెట్టినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకి, బడి వదిలే వేళ, జగన్నాధం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయిపోయాడు. గడ్డం మాసింది. పిల్లలు వెళ్ళేదాకా నోరు విప్పలేదు.

"మాస్టారూ... అన్న వచ్చీసినాడండీ."

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమిటీ! గణపతిరావు గారా? రంగం నుంచా?"

"వచ్చినాడు. విల్లు రాయించుకుంటాడంట. మీరే రాయాల, మీరే రెండో సాచ్చి ఉండాల."

"చిన్నతల్లికి చెప్పావా?"

"ఇంకా సెప్పకండి. కర్మ సేసీసినాం కదండీ, శుద్ధి అవ్వకుండా ఇంట్లోకి రానివ్వకూడదు. కళ్ళాల కాడ ధాన్యం కొట్టులో ఉంచినాను. కూర్మనాథం బాబు పొద్దున్నే వచ్చి ఉత్త కాయితం అడుగున మొదటి సాచ్చి పెట్టీసినారు."

అతను చెప్పింది నిజమే. కర్మ చేసినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టు పురుడు చేసిగానీ ఇంట్లోకి పిలవరు. నాకు అనుమానం రాలేదు. సంతోషమే వేసింది. కలమూ, సిరాబుడ్డీ, తెల్ల కాయితాలూ సంచిలో వేసుకుని అతని వెంట నడిచాను. పొద్దు ఇంకా ఉంది. సన్నగా తుంపర పడుతోంది. పొలాల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పాడుకుంటున్నారు. దారిలో ఒకామె, "పంతులుగారు వానలో బయల్దేరినారు, ఎవరింట్లో గారెలో!" అని కేకేసింది. నేను నవ్వాను. జగన్నాధం నవ్వలేదు.

ధాన్యం కొట్టంటే తెలుసు కదా. మూరెడు మందాన మట్టి గోడలు. కిటికీ ఉండదు. ఒకటే చెక్క తలుపు, నడుము వంచి దూరాలి. ధాన్యం అప్పటికే అమ్మేశారేమో, ఖాళీగా ఉంది. నేను వంగి లోపలికి వెళ్ళాను. జగన్నాధం రాలేదు.

లోపల గూట్లో ఆముదం దీపం. మొదట వాసన తగిలింది. పాత వడ్ల వాసన, దాని కింద తడిసిన బూడిద వాసన, దాని కింద కాస్త నెయ్యి. తరువాత మెల్లగా మనుషులు కనిపించారు. ఒక మూల కూర్మనాథం గారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా చాప మీద, ఒంటినిండా దుప్పటి కప్పుకుని, తలగుడ్డ కనుబొమల దాకా చుట్టుకుని ఒక మనిషి.

"నమస్కారమండీ గణపతిరావు గారూ. ఎంత బెంగపెట్టారండీ! మీ అమ్మాయి మీ కోసం..."

మనిషి తల ఊపాడు. ఊపినప్పుడు సన్నగా నీళ్ళు కదిలిన చప్పుడైంది. చూరు నీళ్ళనుకున్నాను.

"రాయి," అన్నాడు.

గొంతు లేదు. ఎండుటాకులు గాలికి నేల మీద జరిగినట్టుంది ఆ మాట. ఓడలో జబ్బు చేసిందేమో అనుకుని, బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, చాప మీదున్న కూర్మనాథం గారి సంతకం కాయితం తీసి పరిచాను.

"గణపతిరావు. కూర్మయ్య కొడుకు. నరసింగరావు మనవడు. లక్ష్మయ్య మునిమనవడు. రంగంలో ఉండి పోయినవాడు."

పోయినవాడు అంటే వెళ్ళినవాడు అని నేను సర్దుకున్నాను. రాశాను.

"పొలం జగన్నాధానికి."

కలం ఆగింది. "అదేమిటండీ? మీ అమ్మాయికి కదా రాస్తానన్నారు?"

"అమ్మాయి..." అన్నాడు. అదేదో మొదటిసారి విన్న మాటలాగా, రుచి చూస్తున్నట్టు, "అమ్మాయి" అని మళ్ళీ అన్నాడు. తరువాత, "పొలం జగన్నాధానికి. రాసి ఎల్లు."

మెల్లగా అడిగాను. "రంగంలో మీ మిల్లు ఏ వైపండీ? రేవు దగ్గరేనా?"

"రంగం. దూరం."

"మీ ఇంటావిడ పేరు రాయాలండీ. ఏం పేరు?"

నీళ్ళు కదిలిన చప్పుడు మాత్రం అయింది. వాన అప్పటికి ఆగిపోయింది. చూరు కారడం లేదు. ఆ చప్పుడు... తల లోపలి నుంచి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, రంగం, దూరం... ఇవన్నీ ఆ రోజు కూర్మనాథం గారు బొమ్మకి చెప్పిన మాటలు. దానికి చెప్పినవే దానికి తెలుసు. ఎవరూ చెప్పనిది తెలియదు. కూతురి పేరు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

కూర్మనాథం గారి వైపు చూశాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి వేళ్ళ మధ్య కలం అలాగే ఉంది. పాళీ మీద సిరా ఎండిపోయింది. పొద్దున పెట్టిన సంతకం అది. ఆ కలం ఇంకా కిందపెట్టలేదాయన. ఆయన చూపు దాని మీద, దాని చూపు ఆయన మీద. పెదవులు మాత్రం కదిలాయి.

"వదలడం లేదు నాయనా..." అన్నారు, ఊపిరితో.

నేను వెనక్కి జరిగి తలుపు తోశాను. కదల్లేదు. బయట గొళ్ళెం పడి ఉంది.

"జగన్నాధం! తలుపు తియ్యి!"

"పెట్టీండి మాస్టారూ." తలుపుకి నోరు ఆనించి గుసగుసగా ఏడుస్తున్నాడు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, సంతకం పెట్టీండి. పెడితేగానీ అది ఎల్లదు. ఆ దినం దాని సెవిలో 'పొలం నాకు రాసి ఎల్లన్నా' అన్నాను. ఎల్లకుండా వచ్చీసింది. కూడు తింటంటే ఎదురుగా కూకుంటాది. సూస్తాది. నాకు రాస్తంది గనక నాను సాచ్చి ఉండకూడదంట కదా. లేకపోతే నానే పెట్టీసి ఉందును..."

"తియ్యరా తలుపు!"

"తియ్యను. తీస్తే మళ్ళీ నా ఎనకాతలే వస్తాది."

ఆ తరువాత బయట అతని ఏడుపు ఆగింది. నాట్ల పాట కూడా ఆగిపోయింది. ఎంత అరిచినా ఆ మట్టి గోడల్లోంచి గొంతు బయటికి పోదు. లోపల దీపం, ఆ వాసన, ఎండుటాకుల చప్పుడు.

దుప్పటిలోంచి చెయ్యి బయటికొచ్చింది. నా ఒళ్ళోని కాయితం మీద పడింది. అంత తేలిగ్గా ఉంది, కాయితం కదల్లేదు. బొటనవేలు సిరాబుడ్డిలో ముంచింది. కింద అద్దింది. నేను వద్దనుకుంటూనే చూశాను.

వేలిముద్రలో చుట్టలు లేవు. ఆకు ఈనెలున్నాయి.

"సూసినావు," అంది అది. "పెట్టు. నేను సూస్తన్నాను."

కలం నా చేతిలోనే ఉంది. నాకు తెలియకుండానే సిరాలో ముంచాను. పాళీ కాయితం మీదికి వంగుతోంది. పెడితే చిన్నతల్లి పొలం పోతుంది. పెడితే నేనూ ఇంకో మూల గోడకి ఆనుకుని, కలం వదలలేక... పెట్టకపోతే తలుపు తెరుచుకోదు.

"రెండో సాచ్చి పేరేటి?"

"నారాయణమూర్తి," అన్నాను. నేను అనలేదు. నోరు అనేసింది.

"నారాయణమూర్తి," అంది అది, నేర్చుకుంటున్నట్టు. తల ఊపింది. నీళ్ళు కదిలాయి. తలగుడ్డ జారింది.

కొబ్బరికాయకి ఎన్ని కళ్ళుంటాయో మీకు తెలుసు కదర్రా...

మూడూ నన్నే చూస్తున్నాయి.

వేళ్ళు కదిలాయి. నా పేరులో మొదటి అక్షరం సగం పడింది. అప్పుడు ఒకటే ఆలోచన వచ్చింది. దానికి చెవిలో చెప్పిందే తెలుసు. చెప్పినట్టే చేస్తుంది. చెప్పినవాడు మారితే?

ముందుకి వంగాను. చెవి ఉండాల్సిన చోట కాలిన పీచు ఉంది. దాని మీద నోరు పెట్టాను. బూడిద పెదాలకి అంటింది.

"గణపతిరావు గారూ," అన్నాను. "గణపతిరావు గారూ. గణపతిరావు గారూ."

కదలిక ఆగింది. వింటోంది.

"మీ ఇల్లు ఇది కాదు. మీరు రంగంలో ఉన్నారు. రంగం వెళ్ళిపొండి. మీ విల్లు అక్కడే రాసుకోండి."

తరువాత లేచింది. నిలబడేటప్పుడు కాడలు ఒకటొకటిగా పటపటమన్నాయి. తలుపు దగ్గరికి వెళ్ళింది. బయట గొళ్ళెం దానంతటదే కింద పడింది. వంగి బయటికి వెళ్ళింది. దుప్పటి గుమ్మంలో మిగిలిపోయింది.

నేను పాకుతూ బయటికొచ్చాను. పొద్దు కుంకుతోంది. జగన్నాధం బురదలో బోర్లా పడి ఉన్నాడు, ఊపిరుంది. దూరంగా, నాట్లు వేసిన చేల మీదుగా, తూర్పుకి, సముద్రం వైపు ఏదో తేలిగ్గా పోతోంది. ఒక్క నారు మొక్క వంగలేదు.

లోపల కలం కింద పడిన చప్పుడైంది. కూర్మనాథం గారు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నలుపుకుంటున్నారు. కాయితాన్ని నేను దీపంలో కాల్చేశాను. ఆయన నన్నే చూస్తూ అడిగారు.

"ముమ్మారూ పిలిచావా, నాయనా?"

"పిలిచానండి."

"చెవిలోనా?"

"చెవిలోనే."

ఆయన లేచి, నన్ను ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోయారు.

ఆగండి, అయిపోలేదు. ఆ కార్తీకంలో గణపతిరావు వచ్చాడు. నిజం గణపతిరావు. మిల్లు పోయాక ఎగువన ఎక్కడో అడవుల్లో కూలి చేశాడట. అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాలేవీ చేరలేదు. విశాఖపట్నం రేవులో దిగేటప్పటికి అక్కడ చిన్నతల్లి నిలబడే ఉంది. ఊళ్ళో ఆయనకి పురుడు చేశారు, పేరు పెట్టారు, అంతా పసిబిడ్డకి చేసినట్టే.

"ఉయ్యాల నానే ఊపినాను మాస్టారూ," అని పగలబడి నవ్వింది చిన్నతల్లి. "పొగాకు అడిగి ఏడిసినాడు మా అయ్య!"

ఆయన తన అరుగు మీద, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పొలం కూతురి పేర వీలునామా రాశాడు. నేనూ ఒక సాక్షిని. జగన్నాధం దూరంగా నిలబడి చూశాడు గానీ నోరెత్తలేదు. అన్నీ సక్రమంగా జరిగాయి. సిరా ఆరుతుండగా గణపతిరావు నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, రంగంలో మీకు సుట్టాలున్నారా?"

"ఎవరూ లేరే. ఎందుకండీ?"

"ఓడెక్కే ముందు నాను దిగిన గదికి ఒకాయన వచ్చినాడు. మజ్జాన్నం, వాన. తలగుడ్డ కళ్ళ దాకా కట్టుకున్నాడు. మాట మనదే. 'విల్లు రాసేను, సాచ్చి పెట్టు' అన్నాడు. పరాయి దేశంలో మనోడికి మనం పెట్టకపోతే ఎవరు పెడతారని పెట్టీసినాను. పేరడిగితే 'నీ పేరే' అన్నాడు."

"ఎవరి పేర రాశాడండీ?"

"మీ పేరే సెప్పినాడు. నారాయణమూర్తికి, ఉన్నదంతా, అన్నాడు. 'ఆడే నన్ను పిలిసినాడు, ఇంకెవరున్నారు నాకు' అన్నాడు."

ఆ నెలలోనే నేను బదిలీ పెట్టుకుని ఈ ఊరొచ్చేశాను.

ఏటిచ్చింది మాస్టారూ, అంటున్నావా చినబాబూ? ఆకుల కాడలకీ కొబ్బరికాయకీ ఆస్తేముంటుందిరా. పొలమా, పుట్రా? నేనూ అదే అనుకుని ఊరుకున్నాను. పోయినవాళ్ళకి లోకంలో అందేది ఒక్కటే. అమావాస్యకి మీ ఇళ్ళల్లో చూస్తారు కదా, దోసెడు నువ్వుల నీళ్ళు, ఒక అన్నం ముద్ద. దానికున్న ఆస్తీ అంతే.

సరే, లేవండిక. చీకటి పడింది, మీ అమ్మలు కేకలేస్తున్నారు. లక్ష్ముడూ, చిన్నవాడి చెయ్యి పట్టుకో. తిన్నగా ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి.

వద్దు పద్మకుమారీ, మీ అమ్మతో చెప్పు, ఇవాళ నాకేమీ పంపవద్దని. ఇవాళ అమావాస్య కదా. పొద్దుట్నుంచీ పొయ్యి వెలిగించలేదు. అయినా నోరంతా నువ్వుల రుచి, కడుపు నిండిపోయి ఉంది... బతికున్నవాణ్ణి, నాకెవరు పెడుతున్నారో తెలియడం లేదు.

వెళ్ళండర్రా. అన్నం చల్లారిపోతుంది.